నేరం బ్యాటరీది కాదు

*సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని ఊరుకుంటుంది. ‘బ్యాటరీ పోయింది, మార్చెయ్యండి’ అన్న తీర్పు నిమిషంలో వచ్చేస్తుంది. కొత్తది వేస్తాం. రెండు నెలలకు మళ్లీ అదే ‘టక్’. రోజూ మనల్ని మోసే బండిలో కరెంటు ఎక్కడ పుడుతుంది, ఏ దారిన వస్తుంది, ఎక్కడ తప్పిపోతుంది?*

కట్టంగూరు దాటిన దగ్గర్నుంచీ హెడ్‌లైటు గుడ్డిదవుతూ వచ్చింది. ముసురు పట్టిన ఆగస్టు రాత్రి. హెల్మెట్ అద్దం మీద నీళ్లేమో అనుకుని తుడుచుకున్నాను. నీళ్లు కావు. రోడ్డు మీద పడే వెలుగే చమురు అయిపోతున్న లాంతరులా ఎర్రబారుతోంది. వెనకాల కూర్చున్న మా అమ్మాయి నా రెయిన్‌కోటు లాగి, ‘నాన్నా, లైటు చిన్నదైపోతోంది’ అంది. ముందు పోతున్న ట్రాక్టరు కోసం హారన్ కొడితే జలుబు చేసిన గొంతులా మూలిగింది. మీటరు బోర్డులో అంకెలు ఆరాయి, వెలిగాయి, మళ్లీ ఆరాయి. ఆ వెంటనే ఇంజనూ ఆగిపోయింది.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాత్రి పదింటికి దీపం లేని మోటార్‌సైకిల్ అంటే ఏమిటో ఆ దారిన తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరు కంటికి మనం లేనట్టే. అమ్మాయిని దింపి, రోడ్డు అంచు దాటి గడ్డిలో నడవమన్నాను. ఫోన్‌లో టార్చి వెలిగించి దాని చేతికిచ్చి, వెనక్కి చూపిస్తూ ఉండమన్నాను. తొమ్మిదేళ్ల పిల్ల. రెండు చేతులతో ఆ ఫోన్‌ను గుండెల దగ్గర పట్టుకుని, ప్రతి లారీకీ ఎత్తి చూపిస్తూ నడిచింది. నేను బండి తోస్తున్నాను. మధ్యలో ఆశ చావక రెండుసార్లు సెల్ఫ్ నొక్కాను. టక్. టక్. కిక్ కొడదామంటే ఈ బండికి కిక్ రాడ్డే లేదు.

దూరాన దాబా ట్యూబులైటు కనిపించేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. దాబా యజమాని పిల్లకు తువ్వాలు ఇచ్చి, వేడివేడిగా పాలు పోయించాడు. ‘గిప్పుడెవ్వరుంటరు సార్. పొద్దుగాల నకిరేకల్ల కాక దుకాణం తెరుస్తడు. కరెంటు పని ఆయనకు ఇడిసిపెట్టుర్రి’ అన్నాడు.

తెల్లారాక బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాం. ఒంటి షట్టరు దుకాణం. గోడకు పాత వైరింగ్ కిట్లు వడియాల దండల్లా వేలాడుతున్నాయి. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, పక్కనే ఇన్సులేషన్ టేపు చుట్టిన పసుపు రంగు మీటరు. కాకకు అరవై దాటి ఉంటాయి. బండిని ముట్టుకోకముందే అడిగాడు.

‘బ్యాటరీ ఎన్నడు మార్చిన్రు?’

‘రెండు నెలలైంది. అంతకు ముందుది నాలుగు నెలలే వచ్చింది.’

‘అంటే రెండు బ్యాటరీలు సచ్చినయ్. సంపినోన్ని మాత్రం ఎవరూ ఎతకలే.’

ఈ కథనం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. వానలు మొదలైతే ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డా ‘ఛార్జింగ్ రావట్లేదన్నా’ అంటూ బండి తోసుకొచ్చేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది కొత్త బ్యాటరీతో తిరిగి వెళతారు. వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ వస్తారు.

ముల్లు ఉన్న రోజులు

పాత బుల్లెట్ నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హెడ్‌లైటు డిబ్బా మీద స్పీడోమీటరుకు తోడుగా చిన్న అమ్మీటరు ఉండేది. ముల్లు నడిమధ్యన ఉంటే రాకా పోకా సమానం. ప్లస్ వైపు వాలితే బ్యాటరీలోకి కరెంటు వెళుతోంది. మైనస్ వైపు వాలితే బ్యాటరీ నుంచి ఖర్చవుతోంది. ఇండికేటర్ వేస్తే దాని తాళానికి ముల్లు కూడా ఊగేది. బండి నడిపే మనిషికి చదువుతో పని లేకుండానే జమాఖర్చు కళ్ల ముందు ఉండేది. ముల్లు రెండు రోజులుగా మైనస్ వైపే పడుకుంటోందంటే మూడో రోజు మెకానిక్ దగ్గరికి వెళ్లేవాళ్లు, బండి ఆగిపోయాక కాదు.

టూ స్ట్రోక్ బండ్ల సంగతి ఇంకా తేలిక. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన యమహా ఆర్ఎక్స్ 100కు బ్యాటరీ పీకేసినా ఇంజను స్టార్టయ్యేది. ప్లగ్గులో రవ్వకు కావలసిన కరెంటు మాగ్నెట్ నుంచే నేరుగా వచ్చేది. బ్యాటరీ పోతే హారన్ మోగదు, ఇండికేటర్ వెలగదు, అంతే. మనిషి ఇల్లు చేరేవాడు.

సెల్ఫ్ స్టార్ట్ కొత్త సౌకర్యమేమీ కాదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ‘ఇండియన్’ పేరుతో బండ్లు చేసే కంపెనీ 1914లోనే ‘హెండీ స్పెషల్’ అనే మోటార్‌సైకిల్‌కు కరెంటు స్టార్టర్ బిగించింది. అది నిలబడలేదు. ఆనాటి బ్యాటరీలు ఛార్జి నిలుపుకోలేక చతికిలబడ్డాయి. వందేళ్ల కిందట ఆ బండిని ఓడించిన చిక్కే ఆ రాత్రి నన్నూ రోడ్డు మీద నిలబెట్టింది.

పగటి దీపం, పోయిన కిక్కు

2017 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన కొత్త బండ్లకు హెడ్‌లైటు స్విచ్ తీసేశారు. ఇంజను స్టార్టయితే లైటు వెలగాల్సిందే. ఎదుటివాళ్లకు బండి దూరం నుంచే కనబడాలని, ప్రమాదాలు తగ్గాలని తెచ్చిన నిబంధన అది. మంచిదే. మొదట్లో మన రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతివాళ్లూ చెయ్యెత్తి, వేళ్లు మూసి తెరిచి ‘లైటు వెలుగుతోంది’ అని సైగ చేసేవాళ్లు. ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చేస్తారు. ముక్కూమొహం తెలియని మనిషి బ్యాటరీ అయిపోతుందేమోనని పడే ఆ బెంగ నాకు చాలా ఇష్టం. ఆ బెంగలో నిజం కూడా ఉంది. 35 వాట్ల బల్బు పగలూ రాత్రీ రెండున్నర ఆంపియర్లకు పైగా లాగుతూనే ఉంటుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చింది. చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ట్యాంకులో కరెంటు పంపు, ఇంజనుకు మెదడులాంటి ఈసీయూ, చుట్టూ సెన్సర్లు. పొగ తగ్గింది. కానీ ఇప్పుడు పెట్రోలు ఇంజనులోకి వెళ్లాలన్నా కరెంటే దిక్కు. చాలా మోడళ్లలో కిక్ రాడ్డు కూడా తీసేశారు. ఒకప్పుడు బ్యాటరీ పోతే హారన్ పోయేది. ఇప్పుడు బండే పోతుంది. అమ్మీటరు ముల్లు మాత్రం తిరిగి రాలేదు. కరెంటు మీద ఆధారపడటం ఇంతగా పెరిగిన కాలంలో కరెంటు సంగతి చెప్పే కన్ను చాలా బండ్లకు లేకుండా పోయింది. కంపెనీలు మీటరు బోర్డు మీద ఫోన్ కాల్ వచ్చిందని చూపిస్తున్నాయి, పాట పేరు చూపిస్తున్నాయి. బ్యాటరీ వోల్టేజీ చూపించడానికి ఒక మూల చోటివ్వలేరా?

బోరు, ట్యాంకు, పైపులు

ఛార్జింగ్ అంటే బ్యాటరీ ఒక్కటే అనుకుంటాం. నిజానికి అదో చిన్న నీటి పథకం. ఇంజను పక్క కవరు విప్పితే గిన్నెలాంటి అయస్కాంతం కనిపిస్తుంది. క్రాంక్‌తో పాటు గిర్రున తిరుగుతుంది. దాని లోపల ఇనుప పళ్ల మీద రాగి తీగ చుట్లు కదలకుండా ఉంటాయి. షెడ్డు భాషలో ఒకటి మాగ్నెట్, రెండోది కాయిల్ ప్లేట్. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టినదే ఇక్కడ రోజూ జరుగుతోంది. ఇది బోరు మోటారు.

అక్కడ పుట్టేది ఇంట్లో వచ్చేలాంటి ఏసీ కరెంటు. బ్యాటరీకి డీసీ కావాలి. పైగా ఇంజను వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ ఎగబాకుతుంది. ఏసీని డీసీ చేయడానికీ, మీరిపోకుండా పట్టుకోవడానికీ ఒక అల్యూమినియం పెట్టె ఉంటుంది. పేరు రెగ్యులేటర్ రెక్టిఫయర్. మెకానిక్‌లు ఆర్ఆర్ యూనిట్ అంటారు. చాలా బండ్లలో ఇది ఎక్కువైన కరెంటును తనలోంచే కాయిల్‌కు తిప్పికొడుతుంది. ఆ పనిలో సెగలు కక్కుతుంది. ఒంటి మీద రెక్కలు ఉండేది అందుకే. ఇది గేటు వాల్వు. బ్యాటరీ ట్యాంకు. వైర్లు, వాటిని కలిపే కప్లర్లు, ఫ్యూజు, బాడీ ఎర్తు అన్నీ పైపులు.

కుళాయిలో నీళ్లు రాకపోతే ఊళ్లో ఎవరైనా ముందు ఏం చూస్తారు? మోటారు ఆడుతోందా, పైపు పగిలిందా అని. ట్యాంకు ఖాళీగా ఉందని ట్యాంకును పడగొట్టి కొత్తది కట్టరు. మనం బండి విషయంలో చేస్తున్నది మాత్రం సరిగ్గా అదే.

> మీటరు మాట
>
> 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు కొసల మీదా డీసీ వోల్టేజీలో పెట్టి చూడండి.
>
> బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 – 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కిందికి దిగితే ఛార్జి పెట్టాలి. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ.
>
> సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.5 కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించినట్టే.
>
> ఇంజను నాలుగైదు వేల ఆర్పీఎంలో 13.5 – 14.5 మధ్య ఉండాలి. ఎంత రేజ్ చేసినా 13 దాటకపోతే ఛార్జింగ్ అందట్లేదు. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ అదుపు తప్పింది. బ్యాటరీ ఉడుకుతుంది, బల్బులు మాడతాయి.
>
> బండిబండికీ స్వల్ప తేడా ఉంటుంది. మీ బండి సర్వీస్ మాన్యువల్ అంకెదే ఆఖరి మాట.

కాక చేతిలో మీటరు

బ్యాటరీ 11.6 చూపించింది. ‘దీంతోని ఏం పరీక్ష చేసినా అబద్ధమే సెప్తది’ అని ముందు దాన్ని ఛార్జర్ మీద పెట్టాడు. రెండు గంటలు. అమ్మాయి బల్ల మీద కూర్చుని రాత్రి లారీల కథ ఆయనకు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

ఛార్జి ఎక్కాక కాసేపు ఆగనిచ్చి చూస్తే 12.6. ఒక హెడ్‌లైటు బల్బు వైర్లు తగిలించి అయిదు నిమిషాలు వెలిగించాడు. 12.3 దగ్గర నిలబడింది. ‘పాణం మంచిగనే ఉన్నది.’ అంటే నేను పారేయడానికి సిద్ధపడ్డ బ్యాటరీలో లోపమేమీ లేదు. బిగించి స్టార్ట్ చేశాడు. లైటు వెలుగుతుండగా 12.2. రేజ్ ఇస్తే ముక్కుతూ మూలుగుతూ 12.7. అక్కడితో ఆగింది. ట్యాంకులోకి ధార రావట్లేదు, బొట్లు రాలుతున్నాయి.

ఇంజను ఆపి, సైడ్ ప్యానెల్ తీసి, కాయిల్ నుంచి ఆర్ఆర్ యూనిట్‌కు వెళ్లే మూడు పసుపు వైర్ల కప్లర్ ఊడదీశాడు. అది అంత తేలిగ్గా రాలేదు. అటూ ఇటూ కదిపితే చిటపటమంటూ వచ్చింది. కాక దాన్ని ఒకసారి తిప్పి చూసి, ఏమీ అనకుండా వదిలేశాడు. బండి మళ్లీ స్టార్ట్ చేసి, మీటరు ఏసీకి తిప్పి, కాయిల్ వైపున్న మూడు వైర్లలో రెండేసి చొప్పున కొలిచాడు. ఒకే వేగంలో 48, 49, 48. మూడు జతలూ అన్నదమ్ముల్లా సమానంగా ఉన్నాయి. ఒక్క జత తగ్గినా కాయిల్‌లో ఒక చుట్ట కాలిపోయిందని అర్థం. ఇంజను ఆపి ప్రతి వైరునూ ఇంజను బాడీతో కలిపి చూశాడు. మీటరు పలకలేదు. పలికితే తీగ మీది పూత పోయి బాడీకి షార్ట్ అవుతున్నట్టు. కాయిల్ మంచిదే.

తర్వాత ఆర్ఆర్ యూనిట్. మీటరులో డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, ఒక్కో కాలునూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చూశాడు. ఒక వైపు దారిచ్చి, రెండో వైపు తలుపు మూస్తే డయోడ్ బతికున్నట్టు. ఆరూ బతికే ఉన్నాయి.

అప్పుడు తీసి నా అరచేతిలో పెట్టాడు ఆ కప్లర్‌ను. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల అటుకులు మాడిన రంగుకు తిరిగింది. మూడు పిన్నుల్లో ఒకటి నల్లబడి, నోరు తెరుచుకుని వదులైంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన.

‘ఇది ముందే చూశావు కదా కాకా, మరి అవన్నీ ఎందుకు కొలిచినట్టు?’

‘కాలిందని సూస్తే సాలదు సార్. ఎందుకు కాలిందో తెల్వాలె. ఆర్ఆర్ షార్టయినా కాలుతది, కాయిల్ పోయినా కాలుతది. ఇదొక్కటి మార్చి పంపిస్తే కొత్తది గూడ కాలుతది. మల్లా రోడ్డు మీద పడేది మీరు, పాప.’

ఆ పిన్ను మొదట ఏ అతుకుల రోడ్డు కుదుపుకో రవ్వంత వదులై ఉంటుంది. వదులైన చోట కరెంటుకు అడ్డు పెరుగుతుంది. అడ్డు ఉన్నచోట వేడి పుడుతుంది. వేడికి లోహం చిలుముపట్టి ఇంకా అడ్డుపడుతుంది. అలా నెలల తరబడి తనను తాను కాల్చుకుంటూ పోయింది. మూడు దారుల్లో ఒకటి మూసుకుపోయాక మిగిలిన రెండూ హెడ్‌లైటుకు, పంపుకు సరిపెట్టలేకపోయాయి. లోటును బ్యాటరీ పూడుస్తూ వచ్చింది. పూడ్చలేకపోయిన రోజున నింద దాని మీద పడింది.

కాక కాలిన ముక్క కత్తిరించి, కొత్త పిన్నులు నొక్కి, సోల్డర్ పట్టించి, పైన స్లీవ్ తొడిగి, రబ్బరు మూత ఉన్న కప్లర్ వేశాడు. అంతటితో ఆగలేదు. ఇంజను నడుస్తుండగా ఆర్ఆర్ యూనిట్ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్ దాకా దారిలో ఎంత వోల్టేజీ పోతోందో చూశాడు. 0.1. మైనస్ వైపు 0.4. ఇంజను ఆపి, ఎర్తు వైరు బిగించిన బోల్టు విప్పి, కింద రంగునూ తుప్పునూ గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి బిగించాడు. మళ్లీ స్టార్ట్ చేసి చూస్తే 0.05కు దిగింది. నాలుగు వేల ఆర్పీఎంలో, లైటు వెలుగుతుండగా బ్యాటరీ మీద 14.2.

ఆయన అడిగింది 350 రూపాయలు. రెండు బ్యాటరీలకు అంతకు ముందు నేను పోసింది మూడు వేల పైచిలుకు.

వెతికినందుకు ఎవరిస్తున్నారు?

రెండు బ్యాటరీలూ మార్చిన చోట పనివాళ్లను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తర్వాత ఆలోచిస్తే తప్పు వాళ్లొక్కరిదే కాదనిపించింది. కాక నా బండి మీద గడిపింది నాలుగు గంటలు. అందులో చేతిపని ముప్పావు గంట. మిగతాదంతా ఛార్జి ఎక్కేదాకా ఆగడం, వెతుకులాట. ఆ వెతుకులాటకు మన బిల్లుల్లో గడి లేదు. వస్తువు మార్చితే డబ్బులిస్తాం. ‘ఏమీ మార్చలేదు, చూసి చెప్పాను’ అంటే ‘చూసినందుకు కూడానా?’ అని మొహం మాడ్చుకుంటాం. రోజుకు పాతిక బండ్లు దాటించాల్సిన షెడ్డులో, నెల జీతం మీద బతికే ఇరవయ్యేళ్ల కుర్రాడు నాలుగు గంటలు ఒక వైరు వెంట ఎలా నడుస్తాడు? బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని, బిల్లు ఖాయం, బండి అప్పటికి స్టార్టవుతుంది. అందరూ సంతోషంగా తప్పు చేస్తున్నాం.

వైద్యుడి దగ్గర చూసినందుకు ఫీజు ఇస్తాం, మందు రాయకపోయినా. కరెంటు పని తెలిసిన మెకానిక్‌కూ ఆ మర్యాద దక్కాలి. ఐటీఐల్లో టూ వీలర్ పని నేర్చుకునే పిల్లల చేతికి స్పానర్‌తో పాటు మీటరు కూడా అలవాటు కావాలి. మంచి చేతిపనివాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. కొలిచి చెప్పేవాళ్లు తగ్గుతున్నారు.

ఎండ, ఉప్పు గాలి, ఎలుక

మన వాతావరణం ఈ తీగల మీద పగబట్టినట్టే ఉంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి సీటు కింద బ్యాటరీ ఉడికిపోతుంది. వేడి పెరిగేకొద్దీ అది తనంతట తానే వేగంగా దిగిపోతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ వానాకాలంలో బయటపడుతుంది. కాకినాడ, మచిలీపట్నం, భీమిలి లాంటి చోట్ల ఉప్పు గాలికి కప్లర్లలో పచ్చని చిలుం పడుతుంది. వాటర్ సర్వీసింగ్ అని ప్రెషర్ గొట్టంతో సీటు కింద కొట్టించే నీళ్లు నేరుగా కప్లర్లలోకి దూరతాయి. ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టుకునే ఇళ్లలో ఎలుకలు వైర్లు కొరికిన కేసులు వారానికొకటైనా వస్తాయని కాక చెప్పాడు.

మనం చేసే పనులూ ఉన్నాయి. పొగమంచులో తెల్లవారుజామున పాలకు వెళ్లే మనిషి దారి కనబడక రెండు ఫాగ్ లైట్లు బిగించుకుంటాడు. అవసరమే. ఒక్కోటి 40 వాట్లయితే రెండూ కలిసి ఆరు ఆంపియర్లు. చిన్న బండి కాయిల్ హెడ్‌లైటు, ఇంజను పోను మిగిల్చేది అంతకంటే తక్కువే. పైగా ఆ లైట్లను హెడ్‌లైటు వైరు గీకి, టేపు చుట్టి అతికిస్తారు. ఫ్యూజు ఉండదు, రిలే ఉండదు. కావాలంటే తక్కువ వాట్ల ఎల్ఈడీలు వేసుకోవచ్చు. బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజుతో, రిలేతో తీసుకోవాలి.

హైదరాబాద్ మణికొండలో భోజనం పార్సిళ్లు మోసే ఒక కుర్రాడు నాకు తన రోజు లెక్క చెప్పాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ముప్పై సార్లకు పైగా ఆపి స్టార్ట్ చేస్తాడు. సెల్ఫ్ మోటారు 50 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. మూడు సెకన్లు నొక్కితే, బ్యాటరీకి ఒక ఆంపియర్ చొప్పున తిరిగి నింపడానికి కనీసం రెండున్నర నిమిషాలు బండి పరుగెత్తాలి. కానీ ఆ రెండున్నర నిమిషాల్లో సగం సిగ్నల్ దగ్గర ఐడిల్‌లోనే గడిచిపోతుంది. ఐడిల్‌లో చాలా చిన్న బండ్లకు మిగిలేది బొటాబొటి. అతని బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు సంపాదన పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. అందుకని ఇంకా కిక్ ఉన్న పాత మోడల్ వెతికి మరీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పొద్దున మొదటి స్టార్టు కిక్‌తోనే కొడతాడు.

కొడుకు బండి

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. కొడుకు డాలస్‌లో. వాడి బండి పోర్టికోలో. రోజూ పొద్దున తుడిచి, స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఉంచి ఆపేస్తారు. అయినా మూడు నెలలకోసారి బ్యాటరీ దిగిపోతుంది. ‘రోజూ స్టార్ట్ చేస్తూనే ఉన్నాను కదండీ, ఎందుకిలా?’ అని అడిగారు.

రోజూ చేయడమే కారణం. సెల్ఫ్ తీసుకున్నది రెండు నిమిషాల ఐడిల్ తిరిగి ఇవ్వలేదు. రోజుకు కొంచెం చొప్పున అప్పు పెరుగుతుంది. సగం దిగిన బ్యాటరీని అలాగే ఉంచితే లోపలి సీసం పలకల మీద గట్టి పొర కడుతుంది. తర్వాత ఎంత ఛార్జి పెట్టినా ఎక్కదు. అలారం, జీపీఎస్ ట్రాకర్ లాంటివి బిగించి ఉంటే తాళం తీసేసినా అవి కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి.

నెగటివ్ వైరు ఊడదీసి ఉంచండి, లేకపోతే వారానికోసారి అరగంట అలా తిరిగి రండి అన్నాను. వైరు తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. ‘ఆ చప్పుడు వింటే వాడు ఇంట్లో ఉన్నట్టుంటుంది’ అన్నారు. ఇప్పుడు ఆదివారాలు పొద్దున హెల్మెట్ పెట్టుకుని ఊరి చివరి శివాలయం దాకా వెళ్లొస్తున్నారు.

> ఇవి మాత్రం చేయొద్దు
>
> ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ‘ఛార్జింగ్ వస్తోందా’ అని చూడటం. పాత బండ్ల కాలపు అలవాటు. ఇప్పటి బండ్లలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఈసీయూను కాల్చేయొచ్చు.
>
> ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం, పెద్ద ఆంపియర్ ఫ్యూజు వేయడం. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.
>
> బ్యాటరీలో నీరు తగ్గితే యాసిడ్ పోయడం. మూతలు తెరిచే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కుళాయి నీరు కూడా వద్దు.
>
> నడుస్తున్న కారు నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేయడం. తప్పనిసరైతే కారు ఇంజను ఆపి తగిలించండి.
>
> ఇది మాత్రం చేయండి: బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఛార్జి పెట్టేచోట నిప్పు వద్దు. బయటికి వచ్చేది హైడ్రోజన్.

అనవసరంగా చచ్చిన బ్యాటరీలు

గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచివాడు 1859లో సీసం పలకలు, గంధకామ్లంతో చేసిన బ్యాటరీయే మూలరూపంగా ఇప్పటికీ చాలా బండ్ల సీటు కింద ఉంది. తెలుగువాళ్లకు దాంతో దగ్గరి చుట్టరికం. 1985లో మొదలై తిరుపతి పక్కన కరకంబాడిలో వేళ్లూనుకున్న అమరరాజా, దేశంలో పెద్ద బ్యాటరీ కంపెనీల్లో ఒకటైంది. ఆ కంపెనీ ఇప్పుడు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం వైపు అడుగేసింది.

బ్యాటరీ తయారీ ఎంత జాగ్రత్తగా జరిగినా, దాని చావు మాత్రం మన వీధుల్లో అజాగ్రత్తగా జరుగుతోంది. పాత బ్యాటరీల్ని తిరిగి సేకరించి పద్ధతిగా శుద్ధి చేయాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అయినా పాత సామాన్ల వాళ్ల దగ్గర యాసిడ్ మురిక్కాలువలో ఒంపి, సీసాన్ని బయలు పొయ్యిల మీద కరిగించడం ఆగలేదు. సీసం పొగ చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఒక కప్లర్ పిన్ను కోసం నేను వృథాగా వదిలేసిన ఆ మొదటి బ్యాటరీ ఏ పొయ్యి మీద కరిగిందో, ఆ పక్క గుడిసెలో ఎవరి పిల్ల ఉందో అనుకుంటే మనసు కుదుటపడదు. పాతది ఇచ్చి కొత్తది తీసుకునే పద్ధతిలో, బిల్లుతో అమ్మే డీలరుకే ఇవ్వండి.

మార్కర్ రాత

నకిరేకల్ నుంచి బయల్దేరేముందు కాక బల్ల సొరుగులోంచి నల్ల మార్కర్ తీశాడు. సీటు మూయకముందు బ్యాటరీ పక్కన ఆ రోజు తేదీ వేసి, కింద 14.2 అని రాశాడు. ‘పాత బండ్లకు ముల్లు ఉండె. దీనికి లేదు. నెలకోసారి మీరే రాయాలె’ అన్నాడు. మీటరు అంటే భయపడాల్సిన వస్తువేమీ కాదు. కోఠి గుజరాతీ గల్లీలో నాలుగైదు వందలకు మామూలు డిజిటల్ మీటరు కొన్నాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం సీటు ఎత్తుతాం. నేను రేజ్ పట్టుకుంటే మా అమ్మాయి ఎర్ర వైరు ప్లస్ మీద, నల్ల వైరు మైనస్ మీద పెట్టి అంకె చదువుతుంది. కాక రాత కింద ఇప్పుడు దాని గుండ్రటి రాతలో నాలుగు అంకెలున్నాయి. 14.2, 14.1, 14.2, 14.0. ఆఖరిది చూసి అది కాసేపు ఆగింది. ‘నాన్నా, కొంచెం తగ్గింది. ఎర్తు బోల్టు విప్పి చూద్దామా?’ అని గరుకు కాగితం కోసం లోపలికి పరుగెత్తింది.